నలభై తొమ్మిది కత్తులు, ఒక చాకు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. ఆఫీసుకు తాళం పడింది కనుక సీనియర్ అసిస్టెంట్ ఆనందం ఎల్బీ నగర్‌లోని తన ఇంట్లో పొద్దున్నే లేచి, చాకుకు పదును పెట్టడానికి ఏ సాధనం మంచిదో ఆరోజు తేల్చేయాలనుకున్నాడు. తేల్చడం ఆయనకు అలవాటు లేని పని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో వచ్చిన ప్రతి కాగితాన్నీ ‘తగు ఉత్తర్వుల కొరకు’ అని రాసి పైకి పంపడమే తప్ప, ఒక్కదాని మీదా అవుననీ కాదనీ రాసిన పాపాన పోలేదు.

చాకు మామగారు లచ్చయ్యది. పోచంపల్లిలో నలభై ఏళ్ళు మగ్గం మీద నూలు కోసిన మడత చాకు. మగ్గం దిగిన రోజున పెద్దల్లుడని ఆనందం చేతిలో పెట్టి, పదును పెట్టుకుని వాడుకోమన్నాడు. మూడు నెలలైనా అది అలాగే ఉంది. నిన్న ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం వస్తున్నాననీ, అప్పటికీ మొద్దుగానే ఉంటే చిన్నల్లుడు అశోక్‌కు ఇచ్చేస్తాననీ చెప్పాడు. మీర్‌పేట్‌లో ఉండే అశోక్, ఇల్లు కొనడానికైనా ఇడ్లీ తినడానికైనా ఒక్క నిమిషంలో తేల్చుకునే రకం. ఆ చాకు అశోక్ జేబులోకి పోతుందంటే ఆనందానికి రాత్రంతా కునుకు పట్టలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో భిక్షపతి స్టీలు సామాన్ల దుకాణానికి ఆయన అప్పటికే తొమ్మిది సార్లు వెళ్ళొచ్చాడు. అక్కడ మూడు రకాలున్నాయి. కత్తిని చీలికలో పెట్టి లాగే ప్లాస్టిక్ పిడి షార్పనర్, మటన్ దుకాణాల్లో వాడే ఉక్కు కడ్డీ, నీళ్ళు చల్లి రుద్దే సానరాయి. నిన్న సాయంత్రం పదోసారి వెళ్ళినప్పుడు భిక్షపతి ఓపిక చచ్చి మూడింటినీ సంచిలో వేశాడు. “ఇంటికి తీస్కపో సార్. నచ్చింది ఉంచుకో, నన్ను మాత్రం అడగకు” అన్నాడు.

మామగారి చాకు మీద ప్రయోగాలు చేసే ధైర్యం లేదు. వంటింటి కత్తి అడిగితే భార్య రాజేశ్వరమ్మ, మంచి కత్తిని ఖరాబు చెయ్యనియ్యనని కచ్చితంగా చెప్పింది. అందుకని పక్కింటి ఇందిరాదేవి గారిని ఓ మొద్దు కత్తి అడిగి తీసుకుని, ఆఫీసు అలవాటు కొద్దీ రసీదు రాసిచ్చాడు. ‘కూరగాయల కత్తి ఒకటి అందినది. పని పూర్తయిన పిమ్మట తిరిగి ఇవ్వబడును. నంబరు ఒకటి.’

ఆరోజే చౌరస్తాలో వంటావార్పు. ఉద్యమంలో భాగంగా జనమంతా రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని తినే కార్యక్రమం. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న ఇందిరాదేవి, తమను పిలుస్తారో లేదోనని వారం రోజులుగా లోలోపల కుమిలిపోతోంది. రసీదు చూడగానే, ఇది వంటావార్పు కోసమేనని ఆమెకు నమ్మకం కుదిరి, కళ్ళు చెమ్మగిల్లాయి.

“మమ్మల్ని పిలవరేమో అనుకున్నానండీ అన్నయ్యగారూ. మొదటి రసీదు మాకే రాశారు. గోంగూర పచ్చడి కూడా పట్టుకొస్తాను.”

కత్తి అడిగితే గోంగూర ఎందుకో ఆనందానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా ఆమె కాలనీ మహిళల నాయకురాలు కిష్టమ్మకు ఫోన్ చేసి, కత్తులు పోగు చేసే బాధ్యత ఆనందం గారిదేనట అని చెప్పేసింది.

అరగంటలో కత్తులు వాటంతట అవే నడిచొచ్చాయి. వచ్చిన వస్తువుకు రసీదు ఇవ్వకుండా ఉండటం ఆనందం వల్ల కాదు. ఆ రసీదులు చూసినవాళ్ళు ఇది కమిటీ పనేనని మరింత నమ్మి పక్కవాళ్ళకు చెప్పారు. తొమ్మిది గంటలకల్లా కత్తులూ కత్తిపీటలూ కలిపి నలభై తొమ్మిది తేలాయి. ఆ వెనకే గుమ్మడికాయలతో ట్రాలీ ఆటో వచ్చింది, అందులోంచి కిష్టమ్మ దిగింది.

“కోసుడు జిమ్మేదారి నీదేనంట గదా అన్నా. నాలుగు వందల మందికి పులుసు. పన్నెండింటికల్ల పొయ్యి మీద పడాలె.”

పైన అడిగి చెప్తానన్నాడు ఆనందం.

“సమ్మెల పైన ఎవలున్నరన్నా? అందరం కిందనే కూసున్నం” అంది కిష్టమ్మ, ఆయన్ను కత్తులతో, భిక్షపతి సంచితో సహా ట్రాలీ ఎక్కిస్తూ.

చౌరస్తాలో అసలు సంగతి బయటపడింది. మంచి కత్తులు ఇళ్ళలోనే దాచుకుని అందరూ మొద్దువే ఇచ్చారు; నలభై తొమ్మిదింట్లో ఒక్కటీ గుమ్మడికాయ తొక్కలో దిగలేదు. ఆడవాళ్ళంతా ఏం చేద్దామన్నట్టు ఆనందం వైపు చూశారు. ఆయన సంచి విప్పాడు. షార్పనర్‌లో లాగితే కీచుమని అరిచి ఇందిరాదేవి కత్తి అంచు రంపంలా తయారైంది. కడ్డీ మీద ఎంత దూసినా మొద్దు కత్తి మొద్దుగానే ఉంది. చివరికి రాయి మీద నీళ్ళు చల్లి, కత్తిని కాస్త వాల్చి ఇటు పది సార్లు, అటు పది సార్లు రుద్దాడు. గుమ్మడికాయ రెండు చెక్కలైంది.

“రాయే” అన్నాడు ఆనందం. “మిగతా రెండూ పక్కన పెట్టుండ్రి.”

కారణమేమిటని ఎవరూ అడగలేదు. పైకి పంపమని ఎవరూ అనలేదు. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ ఊపులోనే, జెండా పట్టుకుని వచ్చిన భిక్షపతిని పిలిచి, దుకాణం తెరిచి ఇంకో డజను రాళ్ళు తెమ్మని ఆర్డర్ వేశాడు. పది సార్లు విసిగించిన మనిషి నోట ఆ మాట విన్న సంతోషంలో భిక్షపతి వెంటనే బండి తీశాడు. పదకొండున్నరకే పులుసు ఉడుకుతోంది. మైకులో ఆనందం పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. రాజేశ్వరమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

అప్పుడు అశోక్ స్కూటర్ మీద లచ్చయ్య దిగాడు. విస్తరిలో వేసిందంతా తిని, మూతి తుడుచుకుని చాకు అడిగాడు.

జేబులో చెయ్యి పెట్టాక గానీ ఆనందానికి సంగతి గుర్తుకు రాలేదు. ఊరందరి కత్తులూ పదునెక్కిన ఆ పొద్దంతా ఆ చాకు జేబులోంచి బయటికే రాలేదు. లచ్చయ్య దాన్ని విప్పి ఓ గుమ్మడి ముక్క మీద గీశాడు. గీత కూడా పడలేదు. అశోక్ చెయ్యి చాచాడు.

నిన్నటి ఆనందమైతే పెద్దాయన నిర్ణయానికే వదిలేసి తల వంచుకునేవాడు. ఇవాళ్టి ఆనందం ఆ చాకును మామగారి చేతిలోంచే తీసుకుని, మడిచి జేబులో వేసుకున్నాడు.

“ఇయ్య మామా. గీ చాకు నాది. పదును నేనే పెట్టుకుంట.”

లచ్చయ్య అల్లుణ్ణి పైనుంచి కింది దాకా చూసి నవ్వాడు. “గీ మాట కోసమే మూడు నెలల సంది చూస్తున్న బిడ్డా. మగ్గమే లేదు, ఇగ చాకు పదునుతోని నాకేం పని?”

చాచిన చెయ్యి ఖాళీగా ఉండటం చూసి అశోక్ ఒక్క నిమిషంలో తేల్చుకుని, విస్తరి అందుకుని మళ్ళీ పులుసు వరుసలో నిలబడ్డాడు.