తరుగు పోను పీఎస్‌ఏ

మన దేశంలో అంకెలు రెండు రకాలు. పెరగమని కాళ్లు పట్టుకున్నా పెరగనివి కొన్ని, వద్దు మొర్రో అంటున్నా పెరిగేవి కొన్ని. మొదటి రకానికి తోతాపురి మామిడి ధర ఉదాహరణ. రెండో రకానికి చెంగల్రాయుడి పీఎస్‌ఏ.

చెంగల్రాయుడిది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఆస్తిపాస్తులు: ఆరెకరాల మామిడి తోట, ఒక ట్రాక్టరు, ప్రొస్టేటు క్యాన్సరు. తిరుపతిలో డాక్టర్ ధరణి ఆయనకు మూడు నెలలకో సూది వేస్తోంది. ఆ సూది ఒంట్లో మగతనపు సరుకు తయారీని ఆపేస్తుంది. మేత లేక క్యాన్సరు పడుకుంటుంది. అది పడుకునే ఉందా, లేచి తిరుగుతోందా అని చెప్పేది నెత్తురు పరీక్షలో వచ్చే పీఎస్‌ఏ అంకె. (సూదితో పాటు ఒంట్లోంచి ఆవిర్లు ఉచితం. "నాకు పదైదేండ్ల కిందట వచ్చిన మంటలు నీకిప్పుడొచ్చినాయా? అప్పుడు నవ్వితివి గదా, ఓర్చుకో," అని భార్య వసంతమ్మ విసనకర్ర చేతికిచ్చింది. ఊపలేదు.)

మొదటి ఏడాది పీఎస్‌ఏ సున్నా పక్కన బుద్ధిగా కూర్చుంది. ఆ తర్వాత ఒకటి దాటింది. "రెండు దాటిందంటే ఒక్కరోజు కూడా ఆగకుండా రండి పెద్దాయనా, మందు మార్చాలి," అంది డాక్టరమ్మ. మాటలో తిరకాసేమీ లేదు. కానీ వింటున్నది మామిడి రైతు. మొదటి మండీ గేటు దగ్గర చెప్పిన రేటు నమ్మి కాయ దించడం ఆ వంశంలోనే లేదు.

చిత్తూరు ల్యాబులో రెండున్నర వచ్చింది. చెంగల్రాయుడు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని ఇంకో ల్యాబుకు వెళ్లాడు. అక్కడ మూడు. బస్సెక్కి వేలూరు వెళ్లాడు. రెండూ పాయింటు మూడు. తిరిగే కాలికి తగ్గింపు దొరుకుతుందని ఆయనకు రూఢి అయింది.

దీంతో ఊళ్లో టీకొట్టు ముందు పీఎస్‌ఏ ధరల నిర్ణాయక సంఘం ఏర్పడింది. శాశ్వత అధ్యక్షుడు ఢిల్లీబాబు. ఈయన వసంతమ్మకు తమ్ముడు, మామిడి మండీలో దళారి. (వైద్యార్హత: రెండుసార్లు చక్కెర పరీక్ష చేయించుకున్నాడు.) సంఘం మొదటి సమావేశంలోనే నిబంధనలు ఖరారయ్యాయి. పక్క రాష్ట్రపు రిపోర్టుకు విలువ ఎక్కువ. పొద్దు వాలినాక తీసిన నెత్తురు చెల్లదు. సైకిలు తొక్కిన వారంలో పెరిగిన పీఎస్‌ఏ సైకిలుదే గానీ మనిషిది కాదు. అయితే సంఘానికి పేరు తెచ్చింది ఆఖరి నిబంధన.

"బావా, మండీలో కాయ దించితే ఏం జేస్తారు?" అని అడిగాడు ఢిల్లీబాబు. "మచ్చకాయ, పచ్చికాయ అని టన్నుకింత తరుగు తీస్తారా లేదా?"

"తీయకేం. నువ్వే గదప్పా తీసేది."

"కాయకే తరుగుంటే నెత్తురికి ఉండదా? దాంట్లో సగం నీళ్లే గదా! నూటికి ఇరవై కొట్టేయ్."

కొట్టేశారు. అంకె రెండు లోపలికి దిగింది. సంఘం టీ తాగింది.

మరుసటి నెల పీఎస్‌ఏ పెరిగింది. సంఘం తొణకలేదు, తరుగు పెంచింది. పీఎస్‌ఏ ఇంకా పెరిగింది, తరుగు ఇంకా పెరిగింది. అది అయిదు దాటేసరికి తరుగు నూటికి అరవై ఏడు. సంఘం లెక్క ప్రకారం చెంగల్రాయుడి పీఎస్‌ఏ ఏనాడూ రెండు దాటలేదు. ప్రపంచంలో ఏ మందూ ఇంత నిలకడగా పనిచేసి ఉండదు.

వేళకు పడాల్సిన సూది చిత్తూరులోనే వేయించుకుని చెంగల్రాయుడు తిరుపతి వెళ్లడం మానేశాడు. ఇంట్లో చెప్పేది తరుగు పోను మిగిలిన అంకె.

"ఎంతొచ్చిందయ్యా?"

"ఒకటీ పాయింటు తొమ్మిది."

"పోయిన నెలా అదే జెప్తివే?"

"నిలకడగా ఉండాదిమే."

"మరి నడుం పట్టుకోకుండా మంచం దిగలేవు, ఏంది ఆ కత?"

"కాయల బుట్టలు ఎత్తింటి గదా."

"ఎత్తింది కూలోళ్లు. నువ్వు మోడా మీద కూర్చోని తిట్టినావు." వసంతమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడింది. "సరే, పద. కాణిపాకం పోదాం. స్వామి ముందర నిలబడి ఆ ఒకటీ పాయింటు తొమ్మిది మళ్లా జెప్పు. నమ్ముతా."

ఈ జిల్లాలో కోర్టులో అబద్ధం చెప్పి కాఫీ తాగి ఇంటికొచ్చినవాళ్లు ఉన్నారు. కాణిపాకంలో తప్పుడు ప్రమాణం చేసే ధైర్యం మాత్రం ఏ పార్టీవాడికీ లేదు.

"అక్కా, లెక్కలకంతా స్వామి ఎందుకు?" అని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అధ్యక్షులవారు అడ్డొచ్చారు.

"నువ్వూ రారా. టీకొట్టు కాడ మీరు తీసే తరుగు ఊరంతా తెలుసు, ఆ సంగతి నువ్వు ప్రమాణం జెయ్యి."

ఢిల్లీబాబుకు మండీలో అర్జెంటు పని గుర్తొచ్చింది. (సీజన్ ముగిసి మండీకి తాళం పడి నెలైంది.)

కాణిపాకంలో హారతి ఇచ్చారు. చెంగల్రాయుడు చేతులు జోడించి, కళ్లు మూసుకుని, మామిడి రైతు జన్మలో చేయని పని చేశాడు. పూర్తి అంకె చెప్పాడు.

"అయిదూ పాయింటు ఎనిమిది."

వసంతమ్మ హారతి కళ్లకద్దుకుంది. "ఇంత మాట చెప్పేదానికి ఈడి దాకా రావల్నా?"

"ఇంట్లో జెప్తే ఏడుస్తావని."

"ఈడ జెప్తే ఏడ్వనా?" అని కొంగుతో ముక్కు తుడుచుకుని, తిరుపతి బస్సు ఎక్కడ ఆగుతుందో కొబ్బరికాయల అంగడివాణ్ణి అడిగింది.

డాక్టర్ ధరణి చెంగల్రాయుడి జేబులోని రిపోర్టులన్నీ తీయించి తేదీల వరసలో పేర్చింది. స్కాను తీయించింది. వెన్నెముకలో ఒకచోట మచ్చ.

"భయపడొద్దు పెద్దాయనా. సూది ఆపం, దానికి తోడు మాత్రలు మొదలుపెడదాం. మందులు ఇంకా ఉన్నాయి," అంది. తర్వాత మొదటి రిపోర్టు తేదీ మీద వేలు పెట్టి, "రెండు దాటినప్పుడే వచ్చి ఉంటే ఎముక దాకా పోయేది కాదేమో," అంది.

చెంగల్రాయుడికి ఆవిర్లు మొదలయ్యాయి. వసంతమ్మ సంచిలోంచి విసనకర్ర తీసి, ఈసారి తనే ఊపింది.

తరుగు తీయక తప్పదన్న ఢిల్లీబాబు మాట మాత్రం అక్షరాలా నిజమైంది. సంఘం కూర్చున్న నెలలన్నీ ఆ పద్దు కిందే పోయాయి.