ఓక్మల్గీ అని అరిచేవాడు చల్లగా ఉండాలి

కచేరీ మధ్యలో లేచి, గొంతు చించుకుని, పాత పాటే కావాలని అరిచేవాడికి ఊరూరా విగ్రహం పెట్టాలి! నవ్వకండి. అమెరికాలోని ఈ జార్జియా రాష్ట్రంలో, ఒక రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తూ ముసలివాడినయ్యాను. అనుభవం మీద చెబుతున్నాను.

మా బ్యాండ్ పేరు ఎవరికీ గుర్తుండదు. మా పాట మాత్రం ఇక్కడ పసిపిల్లలకు కూడా వచ్చు. ‘పోయొస్తా ఓక్మల్గీ!’ ఓక్మల్గీ అంటే మా ఊరి పక్కన పారే నది.

ఆ పాట మధ్యలో గిటార్ ఒక్కటే చాలాసేపు ఏడుస్తుంది. అది ఊరు విడిచిపోయే కుర్రవాడి ఆత్మఘోష అని ఒక ప్రొఫెసర్ గారు పుస్తకమే రాశారు. ఘోష నిజమే గానీ, అది కడుపుది! ఒక రోజు కచేరీకి ముందు మా గాయకుడు కోయ్, చర్చివాళ్లు వేయించి పెట్టిన క్యాట్‌ఫిష్ చేపల్ని మారు మీద మారు వడ్డించుకుని స్టేజీ ఎక్కాడు. రెండో చరణం అయ్యీ అవ్వగానే పొట్ట పట్టుకుని పరుగందుకున్నాడు.

“ఒరే హార్లన్, నేనొచ్చేదాకా ఆపకురోయ్!” అని గిటారిస్టును వేడుకున్నాడు.

హార్లన్ ఆపలేదు. కోయ్ రాలేదు. రేడియోవాళ్లు సరిగ్గా ఆ రోజే రికార్డు చేసుకున్నారు. ఇప్పటికీ అది విని జనం కళ్లు తుడుచుకుంటారు.

అప్పటినుంచి మా ఊరి జనానికి ఒక ఆచారం పట్టుకుంది. కాస్త నిశ్శబ్దం దొరికితే చాలు, ఎవడో ఒకడు ‘ఓక్మల్గీ!’ అని అరవాలి. మా కచేరీల్లోనే అనుకునేరు! మేయర్ ప్రసంగంలో అరుస్తారు. పిల్లల క్రిస్మస్ నాటకంలో అరుస్తారు. మా ఆవిడ నడీన్ పెదనాన్నను సమాధి చేసేటప్పుడు, పాస్టర్ గారు ఊపిరి తీసుకోవడానికి ఆగితే వెనక వరసలోంచి ‘ఓక్మల్గీ!’ అని వినబడింది.

“ప్రార్థన కానివ్వు నాయనా” అన్నారాయన, తలెత్తకుండానే.

పాడిందే పాడరా పాచిపళ్ల దాసుడా అని వెక్కిరిస్తారు గానీ, ఆ దాసుడంత సుఖపడినవాడు ఎవడండీ? కొత్త పాట నేర్చుకునే పీడ లేదు. గిటార్ ఏడ్చినంతసేపూ నేను అవే నాలుగు స్వరాలు తిప్పి తిప్పి వాయిస్తాను. చేతుల పని చేతులు చూసుకుంటాయి. బుర్ర ఖాళీ! కావాలంటే కునుకు తీయొచ్చు. నేనైతే ఆ ఖాళీలో ఒక పాట కట్టుకున్నాను.

అది నడీన్ మీద. నేను ఏ ఊళ్లో ఎవరి కోసం వాయిస్తున్నా, ఇంట్లో దీపం ఆర్పకుండా ఎదురుచూసిన మనిషి ఆమె. ఆ మాట నోటితో ఏనాడూ చెప్పలేకపోయాను. ఒక్కసారి ఆమె వినేలా పాడితే చాలనుకున్నాను. మొదలుపెట్టిన ప్రతిసారీ ‘ఓక్మల్గీ!’

ఇంట్లో పాడుకోవచ్చుగా అంటారా? ఎదురుగా కూర్చుని ఆమె కళ్లలోకి చూసి పాడే ధైర్యమే ఉంటే నాకు స్టేజీ ఎందుకు?

మొన్న పీచ్ పండ్ల పండగలో కోయ్‌కు నామీద జాలి కలిగింది. మైకు నా చేతికిచ్చాడు.

“కానీరా వర్జిల్. ఈసారి ఎవడు అరుస్తాడో నేనూ చూస్తా!”

అంత లావు మనిషి స్టేజీ అంచున కాపలా నిలబడితే ఎవడికి ధైర్యం? జనం కిక్కురుమనలేదు. నడీన్ ముందు వరసలోనే కూర్చుని పీచ్ ఐస్‌క్రీమ్ తింటోంది. మొదటి చరణం పాడేశాను. రెండో చరణానికి ముందు ఊపిరి తీసుకోవాలి గదా. ఒక్క క్షణం ఆగాను.

‘ఓక్మల్గీ!’

కోయ్ పళ్లు కొరుకుతూ ముందుకు ఉరికాడు. అరిచిందెవరో చూసి, అంతే వేగంగా వెనక్కొచ్చాడు.

“ఇది మీ ఇంటి వ్యవహారంరా. నన్ను లాగకు.”

నడీన్ ఐస్‌క్రీమ్ చెంచా గాల్లో ఊపుతోంది.

“ఏమయ్యోయ్! ఎవరిదయ్యా ఆ నీరసం పాట? మనది అందుకో!”

మనది! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను నా నాలుగు స్వరాలూ అందుకున్నాను. ఆమె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇక విగ్రహం పెట్టదలచినవారు మా ఇంటి ముందే పెట్టండి, చోటుంది.

తిరిగి వస్తుంటే కారులో అడిగింది.

“ఇంతకీ ఆ కొత్త పాట ఎవరి గురించయ్యా?”

“నది గురించి” అన్నాను.