హాగెన్‌కు రాని జబ్బు

ఆ ఫిబ్రవరి ఉదయం ప్రొఫెసర్ ఆర్విల్ హాగెన్ పెట్టుకున్న పని ఒక్కటే. కాలేజీకి వెళ్ళి, ఆర్కెస్ట్రాను నడిపే మిల్టన్ సాథర్ గది తలుపు తట్టి, "నా రెండో సింఫనీ ఈ ఏడాదైనా వాయిస్తారా, లేదా?" అని అడిగెయ్యడం. మేలో ఆయన రిటైరవుతున్నాడు. మిన్నెసోటాలోని ఆ చిన్న కాలేజీలో పాఠాలు చెబుతూనే నాలుగు సింఫనీలు రాశాడు. ఒక్కటీ ఎవరూ వాయించలేదు. జనం విన్న ఆయన సంగీతమల్లా పాల సహకార సంఘం వార్షికోత్సవానికి రాసిన చిన్న ముక్క, అదీ భోజనాలు వడ్డిస్తుండగా. రెండో సింఫనీని బతికుండగా ఒక్కసారి చెవులారా వినాలన్నది ఆయన కోరిక. అంతకు మించి ఆయన ఎవరినీ ఏమీ కోరలేదు.

చిక్కేమిటంటే, మా వైపు ఎవరూ ఎవరినీ ఏదీ సూటిగా అడగరు. అడగాలంటే ముందు ధైర్యం కూడగట్టుకోవాలి. హాగెన్ ఇంటి ముందు కారెక్కి, ఇంజను వేడెక్కేదాకా కళ్ళు మూసుకుని, సింఫనీ చివరి భాగాన్ని మనసులోనే మొదలుపెట్టాడు. ఆయన రాసినవాటిలో అంత హుషారైనది మరొకటి లేదు. నడక కాదు, పరుగు. కుడిచేత్తో గుండెల మీద దరువు వేసుకున్నాడు. ముఖం ఎర్రబడింది, పెదవులు వణికాయి. ఆఖరి స్వరం అయ్యాక ఆయాసంతో తల స్టీరింగు మీద వాల్చి, కాసేపటికి లేచి, కారు కాలేజీ వైపు తిప్పాడు.

పక్కింటి వెర్నా బాకెన్ ఇదంతా వంటింటి కిటికీలోంచి చూసింది. ఇంకో ఊళ్ళో అయితే పరుగెత్తుకొచ్చి కారు అద్దం తట్టేవాళ్ళు. వెర్నా మర్యాదస్తురాలు. ఒక మనిషి తన కారులో తాను గుండె పట్టుకుంటే మధ్యలో దూరడం ఏం బాగుంటుందని, ముందు కాలేజీలో సాథర్‌కు ఫోన్ చేసి ఆయన మీద ఒక కన్నేసి ఉంచమంది. ఆ తర్వాత ఓవెన్ వెలిగించింది. మాంసం, బీన్స్, పైన బంగాళాదుంపలు పేర్చి హాట్‌డిష్ చేసి, మధ్యాహ్నానికల్లా హాగెన్ భార్య మార్డెల్ చేతిలో పెట్టింది.

మా ఊళ్ళో హాట్‌డిష్ ఊరికే ఇంటికి రాదు. చావుకైనా రావాలి, జబ్బుకైనా రావాలి. వేడి గిన్నె చేతిలోకి రాగానే మార్డెల్ గుండె జారిపోయింది.

"ఎందుకు వెర్నా ఇంత శ్రమ?"

"శ్రమేముందిలే. ఆర్విల్ ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు."

"నువ్వలాగే అనాలి మరి," అని వెర్నా ఆమె చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

మొగుడు తనకు దాచిన జబ్బేదో పక్కింటావిడకు చెప్పాడని మార్డెల్ అనుకుంది. ఆయన్నే అడగొచ్చు కదా అంటారా? అంత మొరటు మనిషి కాదామె. ఆ పూట నుంచి కూరల్లో ఉప్పు తగ్గించింది.

ఆ ఉదయం హాగెన్ చేరేసరికే కాలేజీలో సాథర్ కుర్చీ లాగి సిద్ధంగా ఉంచాడు. అతను హాగెన్ దగ్గరే చదువుకున్నాడు కానీ, గురువుగారికి కుర్చీ వెయ్యడం అదే మొదటిసారి.

"కూర్చోండి మాస్టారూ. మెట్లెక్కి వచ్చారా? అయ్యయ్యో!"

"అదీ... నా రెండో సింఫనీ సంగతి..."

"వాయిస్తున్నాం. మార్చి కచేరీ మొత్తం మీదే."

"తొందరేం లేదోయ్, ఏప్రిల్లో అయినా..."

"ఏప్రిల్ దాకానా! అంత దూరం వద్దులెండి," అన్నాడు సాథర్, కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంటూ.

హాగెన్ ఆనందంలో ఆ ముక్కును పట్టించుకోలేదు.

కొద్ది రోజుల్లోనే ఫ్రిజ్ హాట్‌డిష్‌లతో నిండి తలుపు మూతపడటం మానేసింది. వాకిట్లో మంచును ఎవరెవరో వచ్చి పారలతో ఎత్తిపోసి, పలకరించకుండా పోతున్నారు. చివరికి ఒక రోజు భోజనాల దగ్గర మార్డెల్ చెంచా కింద పెట్టేసింది.

"ఇంకెన్నాళ్ళన్నాడు డాక్టరు?"

"ఏ డాక్టరు?"

"నీ డాక్టరు, ఆర్విల్!"

"డాక్టరు మొహం చూసి రెండేళ్ళయింది. నాకేమయిందని?"

మొదటి గిన్నె వెర్నా తెచ్చిందని ఆమె, ఆ ఉదయం కారులో గుండెల మీద దరువు వేశానని ఆయన చెప్పుకున్నారు. నెమ్మదిగా వెర్నా కిటికీ, కారు, సాథర్ కుర్చీ అన్నీ వరుసలో వచ్చి నిలబడ్డాయి. మార్డెల్ ముందు ఏడ్చింది, తర్వాత మండిపడింది.

"వెళ్ళి నిజం చెప్పు."

"చెబితే వాయించరు మార్డెల్."

"అంటే మార్చి దాకా చావబోతూనే ఉంటావా?"

"కొంచెం దగ్గితే సరిపోతుందిలే."

"నువ్వు దగ్గు. చర్చిలో నా కోసం అందరూ లేచి బెంచీ ఖాళీ చేస్తుంటే నేనేం చెయ్యను?"

హాగెన్ అటకమీంచి చేతికర్ర దించాడు. సిగ్గు లేకపోలేదు. కానీ సింఫనీ మీద ప్రేమ ముందు అది నిలవలేదు.

రిహార్సల్ నాడు ఖాళీ హాల్లో మధ్య వరసలో కూర్చున్నాడు. మొదటి భాగాలు బాగానే సాగాయి. చివరి భాగం వచ్చింది. సాథర్ చెయ్యి ఎత్తి, శవపేటిక మోసేవాళ్ళ అడుగుల్లా మెల్లగా దించాడు. వయొలిన్లు ఈడుస్తున్నాయి. చెల్లో వాద్యాలు మూలుగుతున్నాయి. హాగెన్ కర్ర వదిలేసి లేచాడు.

"త్వరగా! ఇంతకు రెండింతలు త్వరగా, మిల్టన్! ఇది సరదా ముక్కయ్యా!"

"చూశారా, ఈ స్థితిలో కూడా ఎంత గుండె నిబ్బరమో," అన్నాడు సాథర్ వాద్యకారులతో. చెల్లో వాయించే ఒక అమ్మాయి ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళింది. సంగీతం నడక ఇంకా మందగించింది.

ఇక చావో రేవో అనుకుని హాగెన్ అరిచేశాడు. "నాకే జబ్బూ లేదు! గుర్రంలా ఉన్నాను!"

అందరూ జాలిగా తలలూపారు. మొదట్లో ఎవరైనా ఒప్పుకోరని వాళ్ళకు తెలుసు.

కచేరీ సాయంత్రం ఊరంతా వచ్చింది, నల్ల కోట్లు వేసుకుని. చివరి భాగం మొదలయ్యేసరికి హాగెన్ పళ్ళు బిగించుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది ఈ ఖూనీ వినడానికా అని కడుపు మండిపోయింది. కాసేపటికి మంట తగ్గింది. ఈడుస్తున్న ఆ వయొలిన్ల మధ్యలో ఒక వరస వినిపించింది. ఆయన తమ్ముడు ఐనార్ పశువుల కొట్టంలో పాలు పితుకుతూ ఈల వేసే వరస అది. ఐనార్ ఇరవై ఏళ్ళకే సరస్సు మీది మంచు విరిగి మునిగిపోయాడు. ఆ చలికాలం హాగెన్ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. కూర్చుని ఈ సింఫనీ రాశాడు. దుఃఖానికి పట్టుబడనంత వేగం పెట్టి రాశాడు. ఇప్పుడు పట్టుబడ్డాడు. చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మార్డెల్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"నేను ఇంట్లో లేననుకున్నప్పుడు పియానో మీద దీన్ని ఇలాగే వాయిస్తావు, ఇంతే మెల్లగా."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పెళ్ళయిన కొత్తలోంచీ."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడగడం బాగుంటుందా, ఆర్విల్?"

ఆయన ఏడుపు చూసి, అంతిమ ఘడియ దగ్గర పడిందని ఊరు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మే వెళ్ళింది, వేసవి వెళ్ళింది. ఆకులు రాలే వేళకు హాగెన్ వాకిట్లో నిక్షేపంగా ఆకులు ఊడుస్తూ కనిపించడంతో ఊరి మనసు నొచ్చుకుంది. వెర్నా అటువైపు కిటికీకి పరదా వేసుకుంది. మిగతా మూడు సింఫనీలనూ, ఆయనకు నిజంగా ఏదైనా వచ్చేదాకా ఆపి ఉంచాలని ఆర్కెస్ట్రా నిర్ణయించింది.