కాటుక గిట్ట మీద పరిశోధన

ఒక పెద్ద అడవిలో చదువుకున్న జంతువులు ఎక్కువైపోయాయి. వాటిని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి గనక విశ్వవిద్యాలయం పెట్టారు. అందులో పాడి పశువుల ఆరోగ్యం, పేడ నిర్వహణ, పర్యావరణం అన్నీ కలిపి ఒకటే శాఖ. దానికి పెద్ద నక్కాచార్యుడు. జన్మలో పేడ ముట్టినవాడు కాదు. కొట్టం దగ్గరికి వస్తే ముక్కుకి రుమాలు కట్టుకునేవాడు.

ఆ కొట్టంలో ముప్ఫై గేదెలు. అన్నిటిలోకీ పెద్దది కాటుక. పొద్దున పడిన పేడని మధ్యాహ్నానికల్లా గుండ్రయ్య అనే పేడపురుగు, వాడి బంధుబలగం ఉండలు చేసి దొర్లించుకుపోయేవాళ్ళు. నేల పొడిగా ఉండేది. కాటుకకి ఏ చీకూచింతా ఉండేది కాదు.

నక్కాచార్యుడికి అది నచ్చలేదు. "ఉన్న పేడంతా మీరే ఎత్తుకుపోతే నేను దేన్ని నిర్వహించాలిరా?" అని పురుగుల్ని తరిమేసి బోర్డు పాతించాడు. 'పరిశోధన జరుగుతున్నది. పేడ ముట్టరాదు.'

ఆరు నెలల్లో దిబ్బ గుట్టంత అయింది. తడి కొట్టమంతా పాకింది. కాటుక ముందుకాలి గిట్టల మధ్య పుండు పడింది. కుంటి గేదెని పులి తిరిగే గట్టువైపు తోలెయ్యడం అక్కడి రివాజు. కాటుకకి కాలి నొప్పి కంటే ఆ భయం ఎక్కువైంది.

"అయ్యగారూ, ఈ పేడ ఎత్తించండి. కాలు చచ్చిపోతోంది" అని మొరపెట్టుకుంది.

నక్కాచార్యుడి కళ్ళు మెరిశాయి. "శభాష్! నొప్పి పదికి ఎంత?"

"పదండీ."

"అప్పుడే పది అనకూడదమ్మా. పెరగడానికి చోటుండాలి. మూడు అని రాస్తాను."

"మరి మందో?"

"మందు వేస్తే పుండు మానిపోదూ? ఇంకేం పరిశోధిస్తాను?"

ఇంతలో తనిఖీ సంఘం వస్తోందని కబురొచ్చింది. సంఘానికి పెద్ద ఏనుగు దొరగారు. దిబ్బని దాచడానికి చోటు లేక నక్కాచార్యుడు దానిమీద పచ్చగడ్డి పరిపించి, పూలకుండీలు పెట్టించి, 'పచ్చదనమే మా ఊపిరి' అని గుడ్డ కట్టించాడు. సన్మాన వేదిక కూడా దానిమీదే.

"అయ్యగారూ, అది ఏనుగు దొరగారి బరువు ఆగదండీ" అంది కాటుక.

"నువ్వు నమూనావి. నమూనా నోరెత్తకూడదు."

కాటుక నోరు మూసుకుంది. నిజం చెప్పాలంటే, తమాషా చూద్దామనే మూసుకుంది.

ఏనుగు దొరగారు వేదిక ఎక్కారు. నక్కాచార్యుడు శాలువా కప్పబోయాడు. గడ్డి చిరిగింది. దొరగారు పొట్టదాకా దిగబడ్డారు. నక్కాచార్యుడు మెడదాకా మునిగాడు.

"ఏమిటయ్యా ఇది?" అని ఘీంకరించారు దొరగారు.

"క్షేత్ర ప్రదర్శనండీ! సమస్య లోతు తమరికి స్వయంగా తెలియాలని..." అంటుండగానే నోట్లోకి పేడ పోయింది.

కాటుక కుంటుకుంటూ వెళ్ళి గుండ్రయ్యని పిలుచుకొచ్చింది. వాడు బోర్డు దగ్గర ఆగిపోయాడు. "ముట్టకూడదన్నారు గదా బాబయ్యా. మాకు చదువు రాదు గానీ బోర్డంటే భయం."

"పీకెయ్యరా దాన్ని!" అని అరిచాడు నక్కాచార్యుడు.

వేల పురుగులు దిగాయి. సాయంత్రానికి దొరగారూ నక్కాచార్యుడూ బయటపడ్డారు, మూడో రోజుకి దిబ్బే లేదు. నేల ఆరింది. పక్షం తిరిగేసరికి కాటుక పుండు మానింది. పులి భయం పోయి కడుపునిండా మేసింది.

'పేడ తీసేస్తే గిట్ట మానును' అని నక్కాచార్యుడు గ్రంథం రాశాడు. దానికి పతకం కూడా వచ్చింది. పతకం మెడలో వేసుకుని, మళ్ళీ బోర్డు చంకన పెట్టుకుని కొట్టానికి వచ్చాడు.

"కాటుకా, ఇది రెండో దశ. ఫలితం ఖాయం చెయ్యాలంటే పుండు మళ్ళీ రావాలి. ఈ కాగితం మీద గిట్ట ముద్ర వెయ్యి."

"అలాగే అయ్యగారూ" అని కాటుక గిట్ట ఎత్తి, కాగితం వదిలేసి, అయ్యగారి పాదం మీద వేసి నిలబడింది.

"చచ్చాన్రో!"

"పదికి ఎంతండీ?"

"పది! పది!"

"అప్పుడే పది అనకండి అయ్యగారూ. పెరగడానికి చోటుండాలి" అని కాటుక రెండో కాలు కూడా ఎత్తింది.

నీతి: ఎదుటివాడి పుండుకి పరిశోధన, మన పుండుకి మందు.