నాలుగు వేల ఇళ్ల ఆకలి

రేడియో మెకానిక్ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బట్టలారేయడానికి మేడ మీదికి వెళ్లగానే పాత రేడియో వెనక మూత విప్పి, లోపల దాచిన బిస్కెట్లు నాలుగు నోట్లో వేసుకోవడం, ఆపైన నీరసంగా పడుకోవడం. అతని నిరాహారదీక్షకి అది మూడో రోజు. ముప్పై ఏళ్లుగా అతను రేడియోలు బాగుచేసుకుంటున్న వీధిగదిని అద్దెకిచ్చేస్తానని భార్య పట్టుబట్టింది. ఆ గదే లేకపోతే ఇంట్లో తనకి చోటెక్కడ? అందుకే మెతుకు ముట్టనన్నాడు. "మీరు తినకపోతే నేనూ తినను," అని ఆవిడ అంతకంటే గట్టిగా ఒట్టేసింది. అప్పట్నుంచి అతనికి ఒక్కో బిస్కెట్టూ గొంతుకి అడ్డం పడుతోంది. అయినా మింగుతున్నాడు, అది వేరే సంగతి.

మూత సగం విప్పాడో లేదో తలుపు చప్పుడైంది. ట్యాబు పట్టుకుని సర్వే అమ్మాయి నిలబడి ఉంది. దేశంలో ఎవరేం తింటున్నారో, ఎవరు పస్తులుంటున్నారో లెక్క తీస్తున్నారట. ఖాళీ బకెట్టుతో భార్యా దిగివచ్చింది.

"బాబాయ్ గారూ, నిన్న రోజంతా ఏం తిన్నారు?"

భార్య చూపు అతని ముఖం మీదే ఉంది.

"ఏమీ తినలేదమ్మా."

"ఏమీనా? మీరో, పిన్నిగారూ?"

"నేనూ అంతే," అంది భార్య.

అమ్మాయి గొంతు మెత్తబడింది. "ఎందుకని?"

ఇంటి గొడవ పరాయి పిల్లకి చెప్పుకోవడం ఇద్దరికీ నామోషీయే. "ఇంట్లో ఏమీ... లేవు," అని మెకానిక్ గొణిగాడు. భార్య కాదనలేదు. అమ్మాయి కళ్లు తుడుచుకుని, రెండు మీటలు నొక్కి వెళ్లిపోయింది.

పదకొండున్నరకి గుమ్మంలో జీపు ఆగింది. దిగిన సర్వే ఆఫీసరు వెనక ఆ అమ్మాయి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మేం ప్రతి ఇంటికీ వెళ్లలేం కదండీ. మా లెక్కలో మీ ఇల్లొక్కటీ నాలుగు వేల ఇళ్లకి బదులు," అన్నాడు ఆఫీసరు. "పొద్దున్నుంచీ నాలుగు వేల ఇళ్లు పస్తులున్నట్టు చూపిస్తోంది. పన్నెండుకి లెక్క మూసేస్తారు. ఇక ధాన్యం ఇటే వస్తుంది. కొండల మీద నిజంగా తిండిలేని ఊళ్లకి ఆ మేరకి కోతే. మీకు గడవకపోతే తప్పకుండా తీసుకోండి. కానీ వీధిలోంచే మీ ఫ్రిజ్జు కనిపిస్తోంది!"

"విడివిడిగా అడగాల్సింది సార్, కలిపి అడిగేశాను. నా ఉద్యోగం..." అంది అమ్మాయి.

భార్యని వంటగదిలోకి పంపించారు. కర్టెన్ కింద ఆవిడ పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి. పన్నెండుకి తొమ్మిది నిమిషాలుంది. నిజం చెబితే గది పోతుంది. తన కోసం కడుపు మాడ్చుకున్న మనిషి ముందు పరువూ పోతుంది. చెప్పకపోతే ఎక్కడో ఎవరి పిల్లలో ఏడుస్తారు. మెకానిక్‌ కర్టెన్ వైపు వీపు తిప్పాడు.

"తిన్నాను!" అని అరిచాడు. "బిస్కెట్లు, చిప్స్. సైకిల్ షాపు వెనక నిలబడి కేకు, కూల్‌డ్రింకు. గది అద్దెకిచ్చుకోమనండి, నేనేమీ అనను!"

ఆవిడ బయటికొచ్చింది. తలెత్తి చూడటానికి అతనికి ముఖం చెల్లలేదు.

"నా లెక్కా దిద్దుకో అమ్మా," అంది భార్య. "చాక్లెట్లు, చిప్స్. స్నానాలగదిలో గడియ పెట్టుకుని తిన్నాను."

"నీ గురించి మూడు రోజులు కుమిలిపోయానే!"

"నేను మాత్రం? ప్రతి చాక్లెట్టుకీ ఏడ్చాను. ఆ గది మీరే ఏలుకోండి, ఇంక దాని ఊసెత్తను."

"గొడవ తర్వాత పడండి, నాలుగు నిమిషాలే ఉంది!" అంది అమ్మాయి, ట్యాబు తెరిచి. "కూరగాయలు?"

"లేదు."

"పళ్లు? పప్పు? పాలు? గుడ్డు?"

మొగుడూ పెళ్లాం ఒకేసారి తలలు అడ్డంగా ఊపారు.

"తీపి? నూనెలో వేయించినవి?"

"తిన్నాం, తిన్నాం," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

పన్నెండు కొట్టేసరికి దేశంలో నాలుగు వేల ఇళ్ల ఆకలి తీరింది. ఆ నాలుగు వేల ఇళ్లలోనూ కూరగాయలు తినే మనిషి మాత్రం ఒక్కడూ మిగల్లేదు.