అన్నిటికంటే ముందు దుప్పటి

ఆ ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మిగిలిన పాఠాలకు చోటు చూపించి, సాయంత్రం పెందలాడే ఇంటికి పోవడం. పోయి చేసేదేమీ లేదు, అలవాటు, అంతే. బడి నుంచి రిటైరయ్యాక ఆయన ఈ ఆన్‌లైన్ శిక్షణ సంస్థలో చేరారు. క్రేన్ నడపడం మొదలుకొని గాయానికి కట్టు కట్టడం దాకా గుట్టపడి ఉన్న ఆరువందల వీడియోలను విభాగాలుగా సర్దడం ఆయన పని.

చివర మిగిలింది ‘రోగి పక్కమీద దుప్పటి పరచడం’. ఎనిమిది నిమిషాలు. చెప్పింది ఆయన భార్య. ఆసుపత్రిలో ఆయాలకు పని నేర్పేది. ఆవిడ పోయి పది నెలలు. ఇంట్లో ఫొటోలున్నాయి గాని, గొంతు ఇక్కడ మాత్రమే ఉంది. వందమంది కూడా చూడని పాఠాలను శుక్రవారం తీసేస్తానని మేనేజరు ప్రకటించాడు. దీన్ని చూసినవాళ్ళు పదకొండుమంది. కాపీ ఇమ్మని అడగడానికి మాస్టారికి నోరు రాలేదు.

ప్రతి పాఠం కిందా ‘దీనికి ముందు నేర్వవలసినది’ అని ఒక గడి ఉంటుంది. ప్రథమ చికిత్సను అన్ని విభాగాలకూ ముందు పెట్టింది ఆయనే. రోగిని కదపడం తెలియకుండా ప్రథమ చికిత్స ఎలా? దుప్పటి సంగతి తెలియకుండా రోగిని కదపడం ఎలా? అక్షరాలకు ముందు గీతలు దిద్దించిన చెయ్యి అది. రెండు గడులూ శ్రద్ధగా నింపారు.

మర్నాటికి, దుప్పటి పాఠం చివరనున్న పరీక్ష పాసవ్వందే ఆరువందల పాఠాల్లో ఒక్కటీ ఎవరికీ తెరుచుకోలేదు. మాస్టారికి ఫోన్లు మొదలయ్యాయి.

“సార్, నేను క్రేన్ ఆపరేటర్ని. నాకు దుప్పటెందుకండీ?”

“రోగిని కదపాలంటే ముందు పక్క...”

“నేను కదిపేది ఇనుప దూలాల్ని సార్. వాటికి పక్కెవరు పరుస్తారు?”

ఆ వెనకే ఒక ఎలక్ట్రీషియన్. “నాలుగో ప్రశ్న తప్పుతోంది సార్. మా ఆవిడ పక్కన నిలబడి ఒకటే నవ్వు.”

క్రేన్ల సూపర్‌వైజరు ఇదేదో తనిఖీ అనుకుని, తన మనుషుల చేత బల్లలమీద దుప్పట్లు పరిపించి, ఫొటోలు ప్రధాన కార్యాలయానికి పంపాడు. వాళ్ళు ‘మంచి క్రమశిక్షణ’ అని మేనేజరుకు మెచ్చుకోలు రాశారు. ఆజ్ఞ అక్కడినుంచే వచ్చిందనుకున్న మేనేజరు, ఎవరికీ మినహాయింపు లేదని సర్క్యులర్ తీశాడు.

“సార్, ఆ దుప్పటి సంగతి...” అంటూ మాస్టారు రెండుసార్లు వెళ్ళారు.

“పైవాళ్ళ ఆజ్ఞ మాస్టారూ! మనం ప్రశ్నించకూడదు.”

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరే పిలిపించాడు. పాఠాలు తీసేద్దామంటే కంప్యూటరు అతన్నీ లోపలికి రానివ్వడం లేదు.

“మూడుసార్లు తప్పాను. ఆ మూల ఎలా మడవాలో కాస్త చెప్పండి.”

“మళ్ళీ చూద్దాం సార్” అంటూ మాస్టారు వీడియో పెట్టారు.

తెర మీద ఆవిడ దుప్పటి అంచు పట్టుకుంది. “కంగారు పడకండమ్మా. మూల కుదరకపోతే విప్పి మళ్ళీ పరుచుకోండి. మిమ్మల్నెవరూ ఏమీ అనరు.”

మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

“మా ఇంట్లో నాతో ఎవరూ ఇంత ఓపిగ్గా మాట్లాడరండీ” అన్నాడు మేనేజరు. “ఎవరీవిడ?”

“మా ఆవిడ.”

మేనేజరు వీడియో ఆపాడు.

“ఆజ్ఞ పైనుంచి రాలేదు సార్. ముందు పెట్టింది నేనే. అందరికీ అడ్డుపడుతుందనుకోలేదు. తీసెయ్యమంటే...” అన్నారు మాస్టారు.

మేనేజరు మెచ్చుకోలు ఉత్తరం వైపు చూశాడు, తన సర్క్యులర్ వైపు చూశాడు. తర్వాత, మూల మడిచే ప్రశ్నకు ఆవిడ చెప్పినట్టే జవాబు నొక్కి, పాసయ్యాడు.

“క్రేన్లవాళ్ళని మటుకు వదిలెయ్యండి మాస్టారూ. ఆ పాఠం జోలికి నేను రాను. అయినా నా నిబంధన ప్రకారం...” అంటూ ఏ పాఠాన్ని ఎంతమంది చూశారో చెప్పే జాబితా తెరిచాడు. దుప్పటి మూడువేల రెండువందల మందితో అన్నిటికంటే పైన ఉంది. తీసెయ్యవలసినవి అడుగున ఎర్రగా మెరుస్తున్నాయి. వాటిలో మొదటిది ‘నాయకత్వ లక్షణాలు’, పదకొండు భాగాలు, చెప్పినవారు మేనేజరు గారు.

దాన్ని ఇప్పటికి తొమ్మిదిసార్లు చూశారనీ, అందులో ఎనిమిదిసార్లు చూసింది చెప్పినవారేననీ కంప్యూటరు ఏ మొహమాటమూ లేకుండా చూపించింది.