చెరి సగం రాజ్యం

జెరూసలేం నగరంలో యూదులకూ అరబ్బులకూ ఉన్న తగాదా మొన్న మంగళవారం సంపూర్ణంగా పరిష్కారమైనదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పరిష్కారం డాక్టర్ లిండావర్ గారి ముందుగదిలో, యాపిల్ కేకు వడ్డించాక జరిగింది. సంగతి అరబ్బులకు అప్పటికింకా తెలియదు. యూదులకు తెలిసింది. వారు వచ్చి డాక్టరుగారి కిటికీ పగలగొట్టి వెళ్ళారు.

డాక్టరుగారు స్థాపించిన సమరాజ్య సంఘంలో సభ్యులందరూ యూదులే, అందరూ పండితులే. దేశం ఒకటే, జాతులు రెండు, ఎవరి జనం ఎంత పెరిగినా అధికారం చెరి సగం. ఇదీ పథకం. ఇరువర్గాలకూ సులభంగా అర్థం కావాలని దాన్ని జర్మను భాషలో రాశారు.

ఒక్క అరబ్బు సంతకమైనా లేనిదే ఆ కాగితం ముట్టనన్నాడు ఆ దేశాన్ని ఏలుతున్న ఇంగ్లీషు దొర. డాక్టరుగారి గుండెల్లో రాయి పడింది. రెండు జాతులూ కొట్టుకు చస్తాయన్న భయంతో ఏళ్ళ తరబడి కంటిమీద కునుకులేని మనిషి ఆయన. ఇందులో మాత్రం వేళాకోళం లేదు.

పొరుగింటి అరబ్బు వకీలు హిల్మీ ఎఫెండీతో ఆయనకు కాఫీ స్నేహం. వెళ్ళి బతిమాలారు.

"సంతకం పెడితే మావాళ్ళు నన్ను అమ్ముడుపోయాడంటారు డాక్టరుగారూ."

"మావాళ్ళు నన్ను రోజూ అంటున్నారు. బతికే ఉన్నాగా ఎఫెండీ?"

"మీరున్నారు. మీ కిటికీయే లేదు."

అయినా స్నేహం కొద్దీ సంఘం మరుసటి సభకు పెరటిదారిన వచ్చాడు. సంఘం అధ్యక్షులవారు లేచి గద్గద స్వరంతో, "సోదరా! ఈ దేశంలో సగం నీకిస్తున్నాం!" అన్నారు. పండితులు కళ్ళు తుడుచుకున్నారు.

హిల్మీ ఎఫెండీ కేకు బాగుందని మెచ్చుకున్నాడు. "సంతోషమండీ. మా తాతముత్తాతలంతా ఈ ఊరి మట్టిలోనే ఉన్నారు. ఈ పంపకం గురించి మమ్మల్నెప్పుడు అడిగారు?"

"అడగడానికేగా పిలిచాం ఎఫెండీ!" అన్నారు డాక్టరుగారు.

"రాసేశాక పిలిచారు. కలిసుందామంటే నేను కాదనను. రాసేటప్పుడే పిలవాల్సింది."

ఆ ప్రశ్న నియమావళిలో లేదని అధ్యక్షులవారు తోసిపుచ్చారు. తన స్నేహితుడు అన్నమాట నిజమేనని చెప్పడానికి డాక్టరుగారు నోరు తెరిచి, సభ్యుల ముఖాలు చూసి, ఇంకో ముక్క కేకు తీసుకోమన్నారు. అతడు సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

అరబ్బుల అభిప్రాయాన్ని ఇకపై అరబ్బులు లేనప్పుడు ప్రశాంతంగా చర్చించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. డాక్టరుగారు సిగ్గుపడుతూనే చెయ్యెత్తారు.

పాఠకులు నవ్వుకోవచ్చు. అయితే, తమ ఇంటి ఆస్తి పంపకాలకు అక్కచెల్లెళ్ళను కాగితం రాయకముందే పిలిచి అడిగినవారు మొదట నవ్వవలసిందిగా మనవి.